ఫ్రేము కట్టించిన ఉత్తరం

నాకంటూ ఒక గది ఉంటే చాలు, జీవితంలో మిగతావన్నీ వాటంతటవే చక్కబడతాయని గట్టిగా నమ్మిన రోజులవి. వేలూరులో ఒక ఆసుపత్రిలో ఫైళ్లు మోసే ఉద్యోగం, గుడియాత్తంలో ఇల్లు, మధ్యలో బస్సు. సాయంత్రం ఇల్లు చేరాక మౌత్ ఆర్గాన్ వాయించడం నా వ్యసనం. (జేబులో పట్టే వాయిద్యానికి గది ఎందుకని ఇంట్లో ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఇంత జరిగేది కాదు.) తాత లుంగీలు నేసిన మగ్గం గది ఆయన పోయాక ఉల్లిపాయల పాలయింది. దాన్ని ఖాళీ చేసి, సున్నం కొట్టి, గోడల నిండా మా వంశాన్ని తగిలించాలని పూనుకున్నాను.

వంశం అంత సులువుగా గోడకెక్కలేదు. తాత ఫోటోలో చెదలు సరిగ్గా ముఖం తిని చొక్కాను వదిలేశాయి. ఆయన మగ్గంలో నూలు పోగును అటూ ఇటూ పరుగెత్తించిన నాడెను మేకుకు వేలాడదీస్తే నా తలమీదే పడింది. చివరికి అవ్వ తన ట్రంకుపెట్టె అడుగునుంచి మడతలు పడ్డ కాగితం తీసి ఇచ్చింది. తెలుగు రాత. మేము ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా బడిలో చదివింది తమిళం. ఆ అక్షరాలు తెలిసినవాడు మా ఇంట్లో తాత ఒక్కడే.

"మీ తాత పోయినాక మీ పెద్దతాత ఇచ్చినాడు. పెండ్లికి ముందర మీ తాతే నా గురించి ఆయనకు రాసినాడంట. ఏముండాదని అడిగితే నవ్వేసె," అని అవ్వ తల వంచుకుంది. ఆ వయసు మనిషి సిగ్గుపడటం నేను అప్పుడే చూశాను.

వేలూరులో దానికి ఫ్రేము కట్టించి, గోడ నడిమధ్య తగిలించి, చుట్టూ సీరియల్ బల్బులు పెట్టాను. అవ్వ ప్రతి శుక్రవారం దానికి కనకాంబరాలు పెట్టేది. నేనేమో అది ప్రేమకవిత్వమని వీధంతా చెప్పుకుని, చదవడం రాని ఆ కవిత్వానికి రాగం కూడా కట్టాను.

ఒక ఆదివారం చిత్తూరు నుంచి మామ వచ్చాడు. అమ్మకు వరసకు అన్న, తెలుగు అయ్యవారుగా పనిచేసి రిటైరైన మనిషి. గది చూపించాలని నేనే చేయిపట్టి లాక్కెళ్లాను. నాయన, అమ్మ, అవ్వ వెనకే వచ్చారు. మామ కళ్లజోడు సర్దుకుని బడిలో లాగా గొంతెత్తాడు.

"అన్నకు నమస్కారం. నిన్న పిల్లను చూసినాను. నాకు వద్దు."

గదిలో బల్బులు మాత్రం వెలిగి ఆరుతున్నాయి. మామ గొంతు దిగిపోయింది. "కాగితం పాతదైపోయినాది... సరిగా కనపడలే..."

"కనపడతాది. చదువప్పా," అంది అవ్వ.

"పిల్ల పొట్టి. గొంతు విప్పితే వీధి చివరిదాకా వినపడతాది. నాయనకు నువ్వే సర్దిచెప్పు. లేదంటే నేను బెంగుళూరుకు పారిపోతాను."

నాయన వెళ్లి స్విచ్చి ఆపాడు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి నడిచింది. వీధి చివరిదాకా వినపడే ఆ గొంతు ఆ రోజునుంచి మా ఇంట్లోనే వినపడలేదు. అన్నం పెట్టినా మౌనమే, పిలిచినా తలూపుడే. పోయిన మనిషిని వెతికి తెచ్చి అవ్వను ఇన్నేళ్లకు వద్దనిపించినవాణ్ని నేనే కదా! ఆసుపత్రిలో ఫైళ్లు తప్పు బీరువాల్లో పెట్టి తిట్లు తిన్నాను. మౌత్ ఆర్గాన్ నోటికి ఆనిస్తే ఊపిరే రాలేదు. గోడమీదివన్నీ దించేశాను. ఉల్లిపాయలు తిరిగి లోపలికొచ్చాయి.

చదవకుండా ఇంకేదీ గోడకెక్కించకూడదని మామకు ఫోన్ చేసి అక్షరాలు నేర్పమన్నాను. నెలలు పట్టింది. ఒక మధ్యాహ్నం ఉల్లిపాయల మధ్య కూర్చుని దిద్దుకుంటుంటే అవ్వ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"రాసేది వచ్చెనా నాయనా?"

"కొంచెం వచ్చినాది అవ్వా."

"అయితే మీ తాతకు జవాబు రాయి."

నా పక్కనే చతికిలబడి చెప్పడం మొదలుపెట్టింది. "నీ జాబు ఇప్పుడు అందినాది. నాకూ నువ్వు వద్దనే అనిపించె. ఆ మీసమూ నువ్వూ! మా నాయన వినలే. బెంగుళూరుకు పోతానంటివే, పోకుండా అన్ని ఏండ్లు యాడ ఉండావు?" చెప్పేకొద్దీ గొంతు పెరిగి, పక్కింటావిడ ప్రహరీ మీదుగా తొంగిచూసింది. (నాకు ప్రాణం లేచివచ్చింది.)

"ఇంకేమన్నా రాయాలా అవ్వా?"

అవ్వ ఒక ఉల్లిపాయ చేతిలోకి తీసుకుని పొట్టు ఒలిచింది. "బాగుండావా అని రాయి."

రాశాను. అవ్వ కూడా పోయాక, ఆ గది గోడమీద ఇప్పుడు ఆ రెండు కాగితాలే పక్కపక్కన ఉన్నాయి. ఆ చివరి మాటలో రెండు తప్పులు రాసి, అయినా బోలెడు గర్వపడిన అప్పటి నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది. దిద్దడం ఇప్పుడు తెలుసు. చేతులు రావు.