రెప్పల మందు

పార్లర్‌కు వచ్చే ఆడవాళ్లు ఆమెను పేరుతో పిలిచిందే లేదు, దారం అనే అనేవారు. "దారం ఉందా ఇవాళ?" అని గుమ్మంలోనే అడిగి, ఉందంటేనే చెప్పులు విడిచేవారు. దారం కొసను పళ్ల మధ్య బిగించి, మిగతాది వేళ్లకు మెలేసి కనుబొమ మీద ఆడిస్తే, వెంట్రుకలు చర్రుమంటూ ఒకే వరుసలో లేచి వచ్చేవి. కుర్చీలోని మనిషి అబ్బా అనేలోపు ఒక పక్క పని అయిపోయేది. ఆ పనితనం చూసే పార్లర్ యజమానురాలు ఆమెను ఏరికోరి తన తమ్ముడికి చేసుకుంది.

"పిల్లను చూసి కాదమ్మా, వేళ్లను చూసి తెచ్చుకున్నా" అని వచ్చినవాళ్లతో చెప్పి నవ్వేది. దారం కూడా నవ్వేది. వదిన తనను మెచ్చుకుంటోందనే అనుకునేది.

కాపురం పార్లర్ పైన ఉన్న రెండు గదుల్లో. భర్త సామాన్లు చేరవేసే వ్యాన్ నడిపేవాడు. అక్క మాటకు ఎదురు చెప్పడం అతనికి పుట్టుకతోనే రాలేదు. ఏది అడిగినా "అక్కనడుగు" అనేవాడు. ఆఖరికి ఇంట్లో ఫ్యాన్ వేసుకోవాలన్నా అక్కనే అడుగుతాడేమోనని దారం ఒకసారి వేళాకోళమాడితే, ఆ మాట సాయంత్రానికల్లా కిందికి చేరింది. దాంతో ఆమె వేళాకోళాలు మానేసింది.

కొన్నాళ్లుగా ఆమె భుజం తలుపు చెక్కకు తగలడం మొదలైంది. పక్కన పెట్టిన పౌడర్ డబ్బా చెయ్యి తగిలి పడిపోయేది. "ఎక్కడ పెట్టావే కళ్లు?" అని వదిన కసిరేది. అద్దాలు పెట్టుకుంటే సరిపోతుందని కంటి ఆసుపత్రికి వెళ్లింది. అక్కడొక పరికరం ముందు గడ్డం ఆనించి, చిన్న చిన్న వెలుగులు కనపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. ఆమె చాలాసేపు నొక్కకుండానే కూర్చుంది. వెలుగులు ఇంకా మొదలు కాలేదనుకుంది.

డాక్టరమ్మ పెద్దావిడ. మాట కటువు, చెయ్యి మెత్తన.

"ఇది గ్లకోమా. నీటికాసులంటారే, అది. కంట్లో ఎప్పుడూ నీరు ఊరుతూ ఉంటుంది, ఓ మూలనున్న జల్లెడలోంచి బయటికి పోతూ ఉంటుంది. నీకు ఆ పోయే దారి పూడుకుపోతోంది. లోపల ఒత్తిడి పెరిగి చూపు నరం నలిగిపోతోంది."

"నొప్పేమీ లేదు కదండీ."

"అదే వచ్చిన తంటా. నొప్పుంటే ఎప్పుడో వచ్చేదానివి. పోయిన చూపు ఎటూ రాదు, ఉన్నదాన్ని నిలబెట్టుకోవాలి." బల్ల మీది చిన్న సీసా చూపించింది. "ఒంట్లో కణాలు ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటాయమ్మా. మనలా నోటితో కాదు, కొన్ని పదార్థాలతో. అలాంటి కబురే ఈ చుక్కలో ఉంది. ఇది వెళ్లి నీటికి ఇంకో పక్కనుంచి దారి వదలమని చెబుతుంది. కబురు రోజూ అందాలి. ఒక్క రోజు మానినా దారి మళ్లీ బిగుస్తుంది."

"పడుతుందా అండీ నాకు?"

"కళ్లు ఎర్రబడొచ్చు. రెప్పల కింద చర్మం నల్లబడొచ్చు. అదే కబురు రెప్ప వెంట్రుకల కుదుళ్లకూ వినపడుతుంది, మమ్మల్నీ పెరగమంటున్నారు కాబోలు అనుకుంటాయి." డాక్టరమ్మ మొదటిసారి నవ్వింది. "అందం ఊరికే వస్తుంది, తీసుకో."

ఆ మందు చీటీ లేనిదే ఏ షాపులోనూ ఇవ్వరు. ఆసుపత్రిలోనే ఆమె పేరున ఇచ్చేవారు. సీసా చల్లగా ఉండాలన్నారు. పైన ఫ్రిజ్ లేదు. పార్లర్ లోపలి గదిలో, ముఖానికి పూసే క్రీముల పక్కన పెట్టుకుంది.

కళ్లు ఎర్రబడ్డాయి. ఏడ్చొచ్చావా అని అందరూ అడిగారు. కానీ ఆ ఎరుపు మీద రెప్ప వెంట్రుకలు వేసవి తర్వాతి గడ్డిలా పుట్టుకొచ్చాయి. నల్లగా, ఒత్తుగా, పైకి వంపు తిరిగి. కుర్చీలో పడుకుని పైకి చూసే ఆడవాళ్లకు కనపడేది ఆమె రెప్పలే. "అతికించుకున్నవా?" అని వేలుతో తాకి చూసేవారు. వదిన అద్దంలోంచి ఇదంతా చూస్తూనే ఉంది.

"ఆ మందు ఒక్క చుక్క ఇవ్వవే" అంది ఒకరోజు. "పాత కస్టమరు, ప్రాణం తీస్తోంది."

దారం ఇచ్చింది. సన్నటి బ్రష్షుతో రెప్పల మొదళ్లలో తనే రాసింది కూడా. కొద్ది వారాల్లో ఆ కస్టమరు రెప్పలు కూడా సాగాయి. ఆవిడ తన చెల్లెలిని తెచ్చింది. చెల్లెలు తన ఆఫీసులో వాళ్లను తెచ్చింది. వదిన మళ్లీ చెయ్యి చాపింది.

"నాకే చాలదు వదినా. ఒక్క రోజు మానినా కళ్లు పోతాయన్నారు."

"సరేలేవే. నీ కళ్లు నీకు ముద్దు కదా" అని వదిన వెళ్లిపోయింది. మళ్లీ అడగలేదు. అడగకపోవడం చూసి దారం మనసులోనే ఆవిడకు దండం పెట్టుకుంది.

ఆ తర్వాత రోజులు బాగా గడిచాయి. కళ్లలో ఎరుపు తగ్గింది. మంట పోయింది. చుక్క వేసుకుంటే హాయిగా, తడిగా ఉండేది. "ఇప్పుడు మనిషిలా ఉన్నావు" అన్నాడు భర్త, ఆమె ముఖంలోకి చూడకుండానే. మందు ఒంటికి పట్టిందని ఆమె సంబరపడింది. రెప్పలు మళ్లీ పలచబడితే, అందం వచ్చిన దారినే పోయిందిలే, చూపు నిలిస్తే చాలనుకుంది.

ఈసారి ఆసుపత్రిలో డాక్టరమ్మ ఒత్తిడి కొలిచి, నమ్మలేక మళ్లీ కొలిచింది.

"మందు వెయ్యడం లేదు నువ్వు."

"రోజూ వేస్తున్నానండీ! ఒక్క పూట కూడా..."

"ఆ కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్లూ అదే మాట చెబుతారు. నేను కోప్పడతానని అబద్ధమాడితే నష్టం నాకు కాదమ్మా. ఎడమ పక్క చూపు దాదాపు లేదు నీకు. ఆపరేషన్‌కు సిద్ధపడు."

దారం బయట బెంచీ మీద కూర్చుని ఏడ్చింది. చూపు పోయినందుకు కాదు. అబద్ధాలకోరు అన్నందుకు.

మర్నాడు కుర్చీలో ఒక కొత్తావిడ పడుకుంది. కనుబొమ సాగదీసి దారం ఆనించబోతుంటే ఆమె వేళ్లు ఆగిపోయాయి. ఒత్తైన రెప్పలు. ఎర్రబడ్డ అంచులు. కింద చర్మం మీద మసి అంటుకున్నట్టు సన్నటి నలుపు. ఆ ముఖం తన అద్దంలో నెలల తరబడి చూసుకున్నదే.

"మీకూ కంటి జబ్బేమైనా ఉందాండీ?"

"ఛ, నాకెందుకుంటుంది? మీ మేడమ్ రాస్తున్నారుగా, రెప్పల మందు. విదేశాల నుంచి తెప్పిస్తారట."

దారం ఆవిడ కనుబొమల పని పూర్తిచేసింది. రెండు పక్కలా సమంగా వచ్చాయో లేదో ఒకటికి రెండుసార్లు చూసింది. ఆవిడ వెళ్లాక లోపలి గదిలోకి వెళ్లి ఫ్రిజ్ తెరిచింది. తన సీసా తన చోటే ఉంది. దాని వెనక, ఖాళీ క్రీము డబ్బాలో, అలాంటి సీసా ఇంకోటి ఉంది. దాని పక్కన కళ్లు పొడిబారితే వేసుకునే మామూలు చుక్కల డబ్బా, సగం ఖాళీ అయి.

"వదినా, నా మందు తీసి ఇది పోశారా?"

వదిన లెంపలేసుకుంటుందనో, కాదని బొంకుతుందనో అనుకుంది. ఆవిడ రెండూ చెయ్యలేదు.

"పోస్తే? విషం పొయ్యలేదుగా. అదీ కంటి మందే. నీ కళ్లు ఎలాగూ పోయేవేనట, నీ డాక్టరే అందిగా పోయింది రాదని. ఉన్నవాళ్లకైనా పనికొస్తుందని తీశా. తింటున్నావు, ఉంటున్నావు, ఈ గోడలన్నీ ఎవరివనుకున్నావు?"

భర్త అప్పుడే వ్యాన్ ఆపి లోపలికి వచ్చాడు. దారం అతని వైపు తిరిగింది. "విన్నారా మీ అక్క ఏం చేసిందో?"

అతను తాళంచెవి వేలికి తిప్పుకుంటూ నిలబడ్డాడు. "కొంచెమే తీస్తానంది" అన్నాడు. "అంత పోతుందని నాకేం తెలుసు?"

ఆమె కూర్చోబోయింది. చెయ్యి చాపితే కుర్చీ అందలేదు. కుర్చీ ఎడమ పక్కనుంది.

వదిన ఆమెను వెళ్లగొట్టలేదు. అంతకన్నా శుభ్రమైన పని చేసింది. వచ్చిన ప్రతి కస్టమరుకూ చెవిలో చెప్పినట్టు, కానీ గదంతా వినపడేలా, "మా మరదలికి పాపం చూపు పోతోందండీ. ఉండబట్టలేక చెబుతున్నా, కళ్ల దగ్గర పని, ఏ చర్మమో తెగితే ఎవరు జవాబుదారీ?" అనేది. దారం ఉందా అని అడిగినవాళ్లే, ఆమె లేచి వస్తుంటే పక్క కుర్చీలోకి మారేవారు. ఒకావిడ మాత్రం మొహమాటానికి కూర్చుంది. దారం తాకగానే భయంతో తల లాక్కుంది. కనుబొమలో సగం ఊడివచ్చింది. పార్లరంతా చూసింది. వదిన పరుగున వచ్చి ఆవిడ చేతులు పట్టుకుని క్షమాపణ అడుగుతూ, "చెప్పానా అండీ" అంది. వదిన గొంతులో తృప్తి దాగలేదు.

ఆ సాయంత్రమే దారం సంచి సర్దుకుంది. ఆపమని భర్త అనలేదు. సంచి మెట్ల దాకా మోశాడు.

ఒకప్పుడు అదే పార్లర్‌లో తలలు కడిగి, వదినతో పడక బయటికొచ్చిన షాంపూ అక్క ఆమెకు తన గదిలో చోటిచ్చింది. ఆపరేషన్ జరిగింది. ఒత్తిడి దిగింది. కానీ కుడి కంట్లో మిగిలింది, గొట్టంలోంచి చూసినంత చూపు. ఎడమ కన్ను వెలుతురునూ చీకటినీ మాత్రం చెబుతుంది. ఇంకో పార్లర్‌లో షాంపూ అక్క పక్కన ఆమె కూడా తలలు కడుగుతోంది. నురగలో వేళ్లకు చూపుతో పని లేదు. దారం మళ్లీ పట్టుకోలేదు. అక్కడి వాళ్లకు ఆమె అలా పిలిపించుకునేదని తెలియదు కూడా.

ఒక ఆదివారం భర్త వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి, గదెంత చిన్నదో, వీధెంత ఇరుకో మాట్లాడాడు. కన్ను ఎలా ఉందని అడుగుతాడేమోనని ఆమె చూసింది.

"అక్క పంపింది" అన్నాడు చివరికి. "నీ మందు చీటీ ఉందిగా, ఆసుపత్రిది. అదొకసారి ఇస్తావేమోనని. పార్లర్‌లో అందరూ అడుగుతున్నారట. ఆపరేషన్ అయిపోయిందిగా, నీకింక అవసరముండదు కదా."

ఆమె తలెత్తి చూసింది. అతని ముఖం మొత్తం ఒకేసారి కనపడదు. ముందు నోరు చూసింది, తర్వాత ముక్కు, తర్వాత కళ్లు. ఎక్కడా సిగ్గు కనపడలేదు. తలుపు పట్టుకుని బలంగా మూసింది.

తలుపు పూర్తిగా పడలేదు. అతను గావుకేక పెట్టాడు. ఎడమ పక్క చెక్క మీద ఆనించిన అతని వేళ్లు సందులో నలిగాయి.

ఆమె ఉలిక్కిపడి తలుపు లాగింది. అయ్యో అన్న మాట నోటిదాకా వచ్చి ఆగింది. అతను చెయ్యి ఒళ్లో దాచుకుని గుమ్మంలోనే కూలబడ్డాడు.

"కనపడలేదా నీకు?" అని అరిచాడు.

"ఆ పక్క కనపడదు" అంది. ఇన్నేళ్లలో అతన్ని ఎప్పుడూ నువ్వు అనలేదు. "నీకు తెలుసుగా."

కుండలోంచి చెంబుతో నీళ్లు ముంచి తెచ్చి అతని వేళ్ల మీద పొయ్యబోయింది. సగం నీళ్లు చేతి మీద పడ్డాయి, సగం గడప మీద. అతను ఏడుస్తూనే చెయ్యి జరిపి నీళ్ల కింద పెట్టుకున్నాడు.