స్కాన్ కంటే ముందే సాక్ష్యం

విమానాశ్రయం తెరిచిన కొత్తలో, ఆ రోడ్డు మీద మా తమ్ముడి బండి జారింది. ట్యాంకు మీద కూర్చున్న అతని ఏడేళ్ల కూతురికి హ్యాండిల్ కుడివైపు పక్కటెముకల కింద గుద్దుకుంది. పైకి కమిలిన మచ్చ తప్ప ఏమీ లేదు. సీటీ స్కాన్ చూసిన డాక్టరమ్మ మాత్రం కాలేయం కొంచెం చీలిందని, కుడి మూత్రపిండం మీద టోపీలా ఉండే చిన్న గ్రంథిలో రక్తం గడ్డకట్టిందని చెప్పింది. ఆపరేషన్ అక్కర్లేదు, ఒళ్లే దాన్ని కరిగించుకుంటుంది. కానీ పరుగులూ గంతులూ వద్దు, నెల దాటాక అల్ట్రాసౌండ్ చేసి చూడాలంది.

శంషాబాద్‌లోని మా చర్చి సంఘపెద్దకు అంత ఓపిక లేదు. ఉపవాస ప్రార్థనలో పిల్ల తలకు నూనె రాసి, గడ్డ పోయిందని ప్రకటించాడు. ఆయన అరచేతిలో ఏ యంత్రం ఉందో నాకు తెలియదు. వచ్చే ఆదివారం పిల్ల వేదికెక్కి, దేవుడు నయం చేశాడని సాక్ష్యం చెప్పాలన్నాడు. మా సంఘంలో స్వస్థత సాక్ష్యం నోటితో చెబితే చాలదు. డప్పు కొడుతుంటే గంతులు వేసి చూపించాలి. నడుము నొప్పి తగ్గిన ముసలమ్మకైనా, కాలేయం చీలిన పిల్లకైనా ఒకటే పద్ధతి.

తమ్ముడు ఒప్పేసుకున్నాడు. బండి నడిపింది తనే కాబట్టి, గడ్డ లేదని ఎవరు చెప్పినా నమ్మేలా ఉన్నాడు. స్కాన్ అయ్యాకే సాక్ష్యమని నేనన్నాను.

సంఘపెద్ద నవ్వాడు. "మల్ల స్కాన్ ఏందక్కా? ప్రభువు ముట్టినంక మిషన్‌తోని చెక్ చేపిస్తవా? గదే అవిశ్వాసం."

"ప్రభువు చేసిన పని స్కాన్‌ల గిట్ట కనబడదా అన్నా? నీకెందుకు గంత పరేషాన్?"

ఆయన నా విశ్వాసం కోసం ప్రార్థించమని స్త్రీల కూటానికి చెప్పి వెళ్లాడట. బైబిల్లో కుష్ఠు నయమైనవాణ్ణి, నిజంగా నయమైందో లేదో తేల్చే యాజకుడికి వెళ్లి చూపించుకొమ్మని ప్రభువే అన్నాడు. ఆ భాగం మీద ఈయనే మాకు గంటసేపు ప్రసంగించాడు. పరీక్షకు దేవుడు భయపడడు. దేవుడి పేరు చెప్పుకొని వేదికెక్కేవాళ్లే భయపడతారు.

శనివారానికి నెల దాటింది; మరదలు భర్తను అడగకుండా పిల్లను తీసుకొని నాతో అల్ట్రాసౌండ్‌కు వచ్చింది. గడ్డ సగమే తగ్గింది. కాలేయం ఇంకా పూర్తిగా మానలేదు. మరదలు తెర వైపు చాలాసేపు చూసింది.

"రేపు నా బిడ్డ దుంకదు," అంది. ఇంటికొచ్చి తమ్ముడికీ అదే చెప్పింది. అతను కాదనలేదు.

ఆదివారం పిల్ల మంచం మీద బొమ్మలు వేసుకుంది. తండ్రి పక్కనే కూర్చుని రంగులు అందించాడు. అక్కడ సంఘంలో పిల్ల సాక్ష్యం పెద్దాయనే చెప్పి, గంతులు కూడా ఆయనే వేశాడట. వేయనీ. ఆయన కాలేయానికేం, దిట్టంగా ఉంది.