నేను కట్టిన దారం

పోయిన వారం చాంద్రాయణగుట్టలో కంటి పరీక్షకు వెళ్ళాను. కళ్ళలో చుక్కలు వేసి, చూపు మసకబారేదాకా బయట కూర్చోమన్నారు. మన ఈడు వాళ్ళందరికీ తెలిసిన బెంచీయే అది. ఎదురుగా ఫ్లైఓవరు కూడా తెల్లటి మరకలా కనబడుతున్న ఆ స్థితిలో నాకు మిగిలినవి చెవులే కాబట్టి, పక్కనున్నావిడ ఫోనులోంచి వస్తున్న గొంతు వినక తప్పలేదు. మనిషి గొంతు కాదది, నూనె రాసినట్టు జారిపోయే యంత్రం గొంతు. పూర్వం యూదుల దేశంలో చెప్పులు కుట్టుకుని బతికే ఒక మహాగురువు ఉండేవాడట. జ్వరంతో పోతున్న విధవరాలి బిడ్డ చేతికి ఆయన చెప్పుల దారం తెంపి కట్టాడట, పొద్దు గుంకేలోపు ఆ బిడ్డ లేచి అన్నం అడిగిందట. అటువంటి దారమే ఇప్పుడు మంత్రించి ఇంటికి పంపుతారట, ఫలానా నంబరుకు ఫోను చేయాలట.

నాకు కడుపులో దేవినట్టయింది. ఆ కథ అబద్ధమని నాకు తెలుసు, ఎందుకంటే దాన్ని రాసింది నేనే.

ఉండబట్టలేక ఆవిడతో అన్నాను కూడా. “అమ్మా, గది అబద్ధం. గట్ల ఎన్నడు జరగలే. నా పడుసుతనంల నేనే కల్పించి రాసిన.” ఆవిడ నన్ను ఎగాదిగా చూసిందో లేదో నాకు కనబడలేదు గానీ, “ఏమైతదమ్మా, మంచి మాటనే చెప్తున్నరు గదా” అని, దాన్ని తన అక్కచెల్లెళ్ళందరికీ పంపించింది. పంపినట్టు ఫోను టుంగుమని మోగింది. ఆ క్షణాన నాకు కలిగిన ఏవగింపు ఆవిడ మీదనే అయితే ఇది రాసే పని ఉండేది కాదు.

మాది పాల వ్యాపారం చేసుకునే ఇల్లు. నాలుగు బర్రెలు, గడ్డి, పేడ, తెల్లవారకముందే క్యానుల చప్పుడు. ఆ ఇంట్లోంచి డిగ్రీ దాకా చదివిన మొదటి ఆడపిల్లను నేనే. చదువైతే అయింది గానీ పని దొరకక ఇంట్లో ఉన్నప్పుడు, మేము పాలు పోసే ఇళ్ళలో ఒకటైన మలక్‌పేటలోని సారు గారింటికి మా బాపు నన్ను తీసుకెళ్ళాడు. సారు చరిత్ర చెప్పే పంతులుగా పనిచేసి, రిటైరవకముందే చూపు పోగొట్టుకున్న మనిషి. ఆయనకు రోజూ పుస్తకం చదివి వినిపించాలి, చెప్పింది రాయాలి. ఆయన భార్యను నేను అమ్మా అనేదాన్ని. ఆవిడకు చదువు రాదు, అందుకే నా అవసరం పడింది.

సారు కుర్రతనంలో కొన్నేళ్ళు బొంబాయిలో ఉద్యోగం చేశారు. అక్కడ ఆయన అద్దెకున్న గది పక్కనే ఒక యూదుల కుటుంబం ఉండేదట. ఆ ఇంటి పెద్దాయన సాయంత్రాలు పిలిచి కూర్చోబెట్టుకుని తమ పాతకాలపు గురువుల ముచ్చట్లు చెప్పేవాడట. రబ్బీలంటారు వాళ్ళను. ఆ వినికిడి సారును ఎంతగా పట్టుకుందంటే, జీవితమంతా వాళ్ళ మీద దొరికిన ఇంగ్లీషు పుస్తకమల్లా కొని అల్మారా నింపారు. తీరా తీరిక దొరికి చదువుకుందామనే వేళకు కళ్ళు పోయాయి. వాళ్ళ జీవితాలను తెలుగులో ఒక పుస్తకంగా తేవాలన్నది ఆయన కోరిక.

మొదట్లో నాకు ఆ పేర్లు నోరు తిరిగేవి కావు. నెమ్మదిగా ఆ మనుషులు నాకు మా వీధి వాళ్ళలా అయ్యారు. వాళ్ళలో చాలామంది చేతిపనితో బతికినవాళ్ళే. ఒకాయన కట్టెలు మోసేవాడు, ఒకాయన చెప్పులు కుట్టేవాడు, మరొకాయన ఇంటి గోడలు బొగ్గు పొగకు నల్లబడి ఉండేవట. ఒంటి నుంచి పేడ వాసన పోదని కాలేజీలో ముడుచుకుని కూర్చున్న నాకు ఆ నల్లగోడల గురువు మీద ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను. నలభై ఏళ్ళు వచ్చేదాకా అక్షరం రాని ఒక గొర్రెల కాపరి, కొడుకు పక్కన కూర్చుని వాడితోబాటే అక్షరాలు దిద్ది, తరువాత వేల మందికి గురువయ్యాడు. ఇంకొకాయన బుర్ర మందగించిన ఒక్క శిష్యుడికి ఒక పాఠాన్ని నాలుగువందల సార్లు చెప్పేవాడు. ఒకనాడు వాడి మనసు ఎటో పోయిందని తెలిసి, విసుక్కోకుండా మళ్ళీ నాలుగువందల సార్లు చెప్పాడు. ఆ కథ చదివినప్పుడల్లా సారు నవ్వుతూ, తాను బడిలో ఎందరిని బెత్తంతో కొట్టారో తలచుకుని కళ్ళు తుడుచుకునేవారు.

వాళ్ళ ఆచారాలు కూడా ఎంత ముచ్చటగా ఉండేవో! చిరిగిపోయిన పవిత్ర గ్రంథాన్ని పారేయరు, కాల్చరు, మనిషిని పూడ్చినట్టు శ్రద్ధగా శ్మశానంలో పూడ్చిపెడతారు. ఒక మంచి మాట చెబితే అది ఎవరి దగ్గర విన్నారో ఆ పేరు చెప్పి మరీ చెబుతారు, సారుకూ అదే పట్టుదల. ద్రాక్షతోటలున్న దేశంలో బతికిన ఒక మహాపండితుడు, గ్రంథానికి వ్యాఖ్య రాస్తూ, బోధపడని చోట తనకు తెలియదని సిగ్గుపడకుండా రాసుకున్నాడు. అది సారుకు ప్రాణం. ఆ వాక్యం రెండోసారి చదివించుకుని, అమ్మను వంటింట్లోంచి పిలిచి వినిపించేవారు.

మూడేళ్ళు పట్టింది రాయడానికి. అచ్చు వేయడానికి తెలిసినవాళ్ళెవరూ ముందుకు రాకపోతే, చేతిరాత ప్రతి సంచిలో పెట్టుకుని ఉస్మాన్‌గంజ్‌లో క్యాలెండర్లు, వ్రతకథలు అచ్చు వేసి టోకున అమ్మే ఒక సేటు దగ్గరికి నేనే వెళ్ళాను. మిరపకాయల బస్తాల ఘాటుకు తుమ్ముకుంటూ ఎదురుగా కూర్చున్నాను. ఆయన జర్దా పాన్ నములుతూ పేజీలు తిప్పి, వేళ్ళ ఎర్రదనం కాగితానికి అంటించి, “మస్తు రాసిండ్రు బిడ్డా, గని మహిమ ఏది? కట్టెలు మోసిండు, చెప్పులు కుట్టిండు అంటె ఎవలు కొంటరు? ఒక్క మహిమన్న పెట్టుండ్రి, అప్పుడు ఏస్త” అన్నాడు.

సారుకు చెప్పి ఉంటే పుస్తకం వద్దనేవారు. ఆయన అప్పటికే ఆయాసంతో పడుకునే ఎక్కువ సేపు ఉండేవారు. పుస్తకం ఆయన చేతిలో పెట్టాలన్నది నా తాపత్రయం అనుకునేదాన్ని. నిజం అంతకంటే రోతగా ఉంటుంది. కలం పట్టి కూర్చున్నాక నాకు ఆ పని నచ్చింది. మైనం పూసిన దారం, విధవరాలి ఏడుపు, బిడ్డ మణికట్టు, గుంకుతున్న పొద్దు, అన్నీ ఒక్క పూటలో గడగడ వచ్చేశాయి. ఆ పుస్తకం మొత్తంలో నా సొంత మాటలు ఆ నాలుగు పేజీలే. వాటిని చూసుకుని మురిసిపోయాను. సేటు తన వంతుగా దారం మంగళవారమే కట్టాలన్న ముక్క, పసుపునీళ్ళలో ముంచాలన్న ముక్క కలిపాడు. అట్ట మీద సారు పేరు.

పుస్తకం వచ్చిన రోజు సారు దాన్ని ముఖానికి ఆనించుకుని వాసన చూశారు. మొదటి నుంచి చివరిదాకా చదవమన్నారు. చదివాను. ఆ నాలుగు పేజీలు వచ్చినప్పుడు, గొంతు ఏమాత్రం తడబడకుండా, వేళ్ళతో వాటిని తిప్పేసి తరువాతి పేజీ అందుకున్నాను. చూపులేని మనిషి ఎదుట ఆ పని చేసిన వేళ్ళు ఇవే, ఇప్పుడు ఇది రాస్తున్నవి.

కొన్ని నెలలు గడిచాయి. ఒక ఉదయం నేను చదువుతుండగా, వెనక వీధిలో ఉండే ఒకావిడ ఆరేళ్ళ కూతుర్ని భుజాన వేసుకుని వచ్చింది. పిల్ల ఒళ్ళు కాలిపోతోంది, కళ్ళు తేలేసింది. చేతికి అప్పటికే మూడు దారాలున్నాయి.

“సార్, గిన్ని దారాలు కట్టిన గని తగ్గుతలేదు. మీ బుక్కుల రాసిండ్రు గదా సార్, చెప్పుల దారం. మీ చేతితోని కట్టుండ్రి” అని ఆయన కాళ్ళ దగ్గర కూలబడింది.

“ఏం దారం?” అన్నారు సారు. “ఎన్ని దినాలాయె జ్వరం?”

“నాలుగొద్దులు.”

“దవాఖానకు తీస్కపోలేదా?”

“దారం ఉండంగ దవాఖాన ఎందుకని...”

సారు మంచం దిగి గోడ పట్టుకుని నిలబడ్డారు. ఆటో పిలవమని నన్ను కేకేశారు. నేనే వాళ్ళను దవాఖానకు తీసుకెళ్ళి, ఆ పిల్లను మంచం మీద పడుకోబెట్టి, నర్సు కత్తెరతో ఆ దారాలు కోస్తుంటే చూస్తూ నిలబడ్డాను. పిల్ల బతికింది. వారం పోయాక లేచి కూర్చుంది. దారాలు కట్టినందుకే బతికిందని తల్లి వీధంతా చెప్పుకుంది.

ఆ రోజు నేను దవాఖాన నుంచి తిరిగొచ్చేసరికి పుస్తకం సారు ఒళ్ళో ఉంది.

“బిడ్డా, ఆ పేజీలు చదువు. అచ్చుల ఎట్లుంటె అట్లనే చదువు.”

చదివాను. ఎంతో బాగుందని మురిసిన నా వాక్యాలు ఒక్కొక్కటి నోట్లోంచి పురుగుల్లా రాలాయి. ఆయన ఎవరు రాశారని అడగలేదు. నేను చెప్పలేదు.

మరునాడు ఉస్మాన్‌గంజ్ తీసుకెళ్ళమన్నారు. నా భుజం పట్టుకుని ఆ బస్తాల నడుమ నుంచి నడిచి, దుకాణంలో బేరగాళ్ళు నిండుగా ఉన్న వేళ నిలబడి, ఆయాసపడుతూ గట్టిగా చెప్పారు. “ఈ దారం కథ అబద్ధం. నా పేరు మీద అచ్చయింది, తప్పు నాదే. దీన్ని నమ్మి పిల్లలకు మందు మానిపియ్యకుండ్రి.”

సేటు లేచి చేతులు జోడించాడు. “చూసిండ్రా, ఎంత వినయమో! అసలు మహిమ ఉన్నోళ్ళు గిట్లనే దాసుకుంటరు.”

అంతే, వాళ్ళంతా వంగి సారు కాళ్ళ మీద పడ్డారు. ఒకరి తరువాత ఒకరు, కారం అంటిన చేతులతో ఆయన పాదాలు తడిమారు. ఆయన కాళ్ళు వెనక్కి లాక్కుంటుంటే గోడ అడ్డమొచ్చింది. “వద్దు, వద్దు” అంటూ గాలిలో చేతులాడించారు. అదీ వినయమే అనుకున్నారు. అక్కడున్న ప్రతులన్నీ అమ్ముడుపోయాయి. రాసింది నేనని ఒక్క మాట అని ఉంటే ఆ చేతులు ఆయన్ని వదిలేవి. నేను ఆయన చెప్పులు పట్టుకుని ఓ పక్కన నిలబడ్డాను. మంచి మాటకు చెప్పినవారి పేరు చెప్పాలని జీవితమంతా పట్టుబట్టిన మనిషి, ఆ చెడ్డ మాటకు మాత్రం నా పేరు చెప్పకుండా దాన్ని తనమీదే వేసుకున్నారు. రిక్షా ఎక్కగానే పక్కకు వంగి కక్కుకున్నారు.

నన్ను పనిలోంచి తీసేస్తారనుకున్నాను. తీసేయలేదు. ఆయన పోయేదాకా మరో రెండేళ్ళు రోజూ వెళ్ళి చదివాను. తేడా ఒక్కటే. నేను పేజీ తిప్పిన ప్రతిసారీ, కోపం లేకుండా, సందేహం కూడా లేనట్టు మెల్లగా అడిగేవారు: “ఉన్నదే చదువుతున్నవా బిడ్డా?” ఉన్నదే సార్, అనేదాన్ని. రోజుకు ముప్పైసార్లు అడిగినా ముప్పైసార్లూ గుండె కోసినట్టయ్యేది. ఆ ఇల్లు వదిలి పారిపోవాలనిపించేది.

ఆయన పోయాక నేను పెళ్ళి చేసుకుని, ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరి, రిటైరయ్యాను. ఆ ఆఫీసులోనూ, ఇంట్లోనూ, బంధువుల మధ్యా ఎన్నో చదివాను, ఎన్నో రాశాను, ఎన్నో విన్నవి చెప్పాను. ఎవరూ ఎన్నడూ ఆ ప్రశ్న నన్ను అడగలేదు. మన కాలంలో ఒక అబద్ధం అచ్చు కావాలంటే కనీసం ఒకరు కూర్చుని కలం పట్టాలి, ఒకరు సిగ్గుతో చావాలి. ఇప్పుడు ఆ ఇద్దరి అవసరమూ తీరిపోయింది. ఆ అబద్ధం మోసే యంత్రం గొంతుకు కడుపు లేదు, దేవడానికి. వినేవాళ్ళకు తీరిక లేదు, అడగడానికి. ఒకప్పుడు చెవులు మూసుకోవాలనిపించిన సారు మెల్లని మాట కోసం, చెబితే నవ్వుతారేమో గానీ, ఈ వయసులో నేను మొహం వాచిపోయి ఉన్నాను.