డ్రిల్లు మాస్టారి స్ప్రింగు సైకిలు

ఉదయగిరి డ్రిల్లు మాస్టారంటే నాకు ఆయన చేతులే గుర్తొస్తాయి. ప్రతి మాటకూ ముందు సైకిలు హ్యాండిలును ఒకసారి నొక్కేవారు. ముందు స్ప్రింగులు మెల్లగా కుంగి, నిద్రలో ఊపిరిలా పైకి లేచేవి. కొండబాటల్లో దూకించడానికి చేసిన ఆ లావు టైర్ల సైకిలు తయారీని కంపెనీ అప్పటికే ఆపేసింది. ఆయన అమ్ముతారని విని, తొంభై ఎనిమిది చలికాలంలో ఒకరోజు తెల్లవారుజామున ఆత్మకూరులో బస్సెక్కాను. అంగట్లో పెరిగినవాణ్ణి కదా, పెట్టాల్సిన వంకలన్నీ దారిలోనే సిద్ధం చేసుకున్నాను.

ఆయన నాకు ఒక్కటీ మిగల్చలేదు.

"బరువు జాస్తి. మిట్టొస్తే మనమే దీన్ని మోయాల. సామాన్లూ దొరకవు," అన్నారు.

సరుకును ఎవరైనా తిడితే వెనకేసుకు రావడం మా ఇంటి అలవాటు. నోరు ఆగలేదు.

"అట్లంటే ఎట్లా సార్? దిగేటప్పుడు దీనికి సాటి ఏముండాది? రాళ్ల మీద పోతున్నా చేతికి తెలీదు."

ఊరి పక్క కొండకోట దుర్గం మీద మంచు విడిపోయేదాకా ఆయన తప్పులు చెప్పారు, నేను గొప్పలు చెప్పాను. చివరకు ఇంకోసారి నొక్కి, స్ప్రింగులు లేచేదాకా చూశారు.

"ఇంట్లోవాళ్లు పాత ఇనుమంటే నిజమే అనుకున్నానయ్యా. ఇంత మంచిదాన్ని ఎట్లా అమ్మేది?"

తిరుగు బస్సులో ముందు సీటు కమ్మీని ఆత్మకూరు దాకా నొక్కుతూ కూర్చున్నాను. అది కుంగనూ లేదు, లేవనూ లేదు.