పోర్టు మామ వెనక గళ్ళు

ఆ రోజుల్లో నాకు ఫొటో అంటే ఫొటోనే. వాటిలోనూ మనుషుల్లాగే సర్దుకుపోయేవి, మొండికేసేవి, దూరం నుంచి బాగుండి దగ్గరికి పోతే భయపెట్టేవి ఉంటాయని ఎవరైనా చెప్తే నవ్వి ఊరుకునేదాన్ని. డిగ్రీ అయిపోయింది, ఏం చేయాలో తోచలేదు, కొడవలూరులో హైవే పక్కనున్న ఫ్లెక్సీల షాపులో డిజైనర్‌గా చేరిపోయాను. (డిజైనర్ అనగానే ఏసీ గది ఊహించుకోకండి. పొద్దున్నే షట్టరు ముందు నీళ్ళు చల్లే పని కూడా డిజైనర్‌దే.) ఓనరును అందరూ ఫ్లెక్సన్న అనేవాళ్ళు. అసలు పేరు ఆయన భార్యకైనా గుర్తుందో లేదో నాకు అనుమానమే.

నా చదువంతా ఆయన దగ్గరే. "జేపెగ్ అంటే సంచిలో గుడ్డలు కుక్కినట్టు పాపా. కొంచెం చోటులోనే పడతాయి గానీ, తీసి మళ్ళీ కుక్కిన ప్రతిసారీ ముడతలు పెరుగుతాయి. వాట్సాప్‌లో పది చేతులు మారి వచ్చిన ఫొటో అట్టాంటిదే, ఫ్లెక్సీ మీద పెద్దది చేస్తే మొహం ముక్కలు ముక్కలవతాది. పీఎన్‌జీ అంటే కత్తిరించిన బొమ్మ. మనిషి ఒక్కడే ఉంటాడు, వెనక ఏమీ ఉండదు, ఎక్కడ కూర్చోబెడితే అక్కడ కూర్చుంటాడు. కంప్యూటర్‌లో వాడి వెనక బూడిదరంగు, తెలుపు గళ్ళు కనపడితే అక్కడ ఖాళీ అని గుర్తు. ప్రింటులో రావు, భయపడబాక." ప్రింటు మిషన్‌కి ఇచ్చే ఫైలు టిఫ్, బరువెక్కువ గానీ ఒక్క చుక్క కూడా పోదు. కోరల్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో గీతలతో గీసిన బొమ్మ అన్నిటికంటే గట్టిది, అగ్గిపెట్టె మీద వేసినా లారీ మీద వేసినా అంచు చెదరదు. ఒకాయన వచ్చి, ఫోనులో మిణుకుమిణుకుమంటున్న దీపాల బొమ్మ చూపించి, ఫ్లెక్సీ మీద కూడా ఇట్టాగే మిణుకుమనాలన్నాడు. అది జిఫ్ అన్నా, కదిలే బొమ్మ, ఫోనులోనే ఆడతాది, గుడ్డ మీద ఆడదు అని ఫ్లెక్సన్న ఎంత చెప్పినా వినలేదు. "మీకు చేతగాకపోతే చెప్పండి, నెల్లూరులో ఆడిస్తారు" అని బండెక్కి పోయాడు.

ఇదంతా రెండు నెలల్లో నేర్చుకునేసరికి నాకు కొమ్ములు మొలిచాయి. ఇంట్లో ఎవరు ఎవరికి ఫొటో పంపినా అన్నం కలుపుతూనే పాఠం మొదలుపెట్టేదాన్ని. మా నాన్న పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే కూడా వదిలేదాన్ని కాదు. "వడ్లలో రకాలే నాకు గుర్తుండి చావట్లేదు, ఇంక ఫొటోల్లో రకాలు నాకెందుకే తల్లీ" అని ఆయన తుండు దులుపుకుని లోపలికి పోయేవాడు.

అప్పుడే మా అక్క పెళ్ళి కుదిరింది. మా వైపు పెళ్ళంటే పందిరి కన్నా ముందు ఫ్లెక్సీ లేవాలి. నడిమధ్యన పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు, చుట్టూ మేనమామలు, పెదనాన్నలు, బాబాయిలు. ఎవరి మొహం ఎంత పెద్దది, ఎవరు ఎవరి పక్కన అన్నదాని మీద మాటలు నిలిచిపోయిన ఇళ్ళు నాకు తెలుసు. మా అమ్మకి ఒక్కగానొక్క అన్న, మా పోర్టు మామ. కృష్ణపట్నం పోర్టులో లారీలు నడిపిస్తాడు కాబట్టి ఆ పేరు. మనిషి బంగారం, అలిగితే మాత్రం ఆ బంగారాన్ని బతిమాలలేక చచ్చేవాళ్ళం. అంతకుముందు మా చిన్నాన్న కూతురి ఓణీల ఫంక్షన్‌లో ఎవరో ఫ్లెక్సీ పక్కన అరటిచెట్టు కట్టారు, దాని ఆకు సరిగ్గా మామ మొహం మీద పడింది. "నా మొహానికి ఆకు అడ్డం పెట్టేంత బరువైపోయినానా మీకు" అని విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. ఆ తర్వాత మామ కొత్త ఇంటి గృహప్రవేశం సరిగ్గా మా వరికోతల్లో పడి మేమెవ్వరం పోలేకపోయాం. ఆ కోపం దీనికి తోడైంది.

మేనమామే పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకురావాలి. "మా అన్న రాకపోతే దాన్ని ఎవరు మోస్తారే? అన్న లేని పెళ్ళి నేను చేయలేను" అని అమ్మ రోజూ కళ్ళు తుడుచుకునేది. అందుకని ఫ్లెక్సీలో పెళ్ళికొడుకు ఎంతో మామ కూడా అంతే ఉండాలని తీర్మానం అయింది. భారం నా నెత్తిన పడింది.

ముందు ఫొటో కావాలి. అత్త పంపింది గోరంత ఉంది. "అత్తా, ఇట్టా కాదు, వాట్సాప్‌లోనే డాక్యుమెంట్ లాగా పంపు, అప్పుడు పాడుకాకుండా వస్తాది" అన్నాను. కాసేపటికి మామ ఆధార్ కార్డు, రేషన్ కార్డు, ఆ వెనకే లారీ లైసెన్సు వచ్చాయి. (ఆధార్‌లో ఫొటో చూసి అది మామేనా అని అమ్మ కూడా తటపటాయించింది.) చివరికి మామ కొడుకే పూనుకుని, మామ చలవ కళ్ళద్దాలతో నిలబడిన అసలు ఫొటోను మెయిల్‌లో పంపాడు. మీసం వెంట్రుకతో సహా కనపడింది. శ్రద్ధగా కత్తిరించి పీఎన్‌జీ చేసి, ఎర్రటి బ్యాక్‌గ్రౌండ్ మీద కూర్చోబెట్టి మురిసిపోయాను. ఇంతలో అత్త ఫోను: "లీడర్లకి తల వెనక పూలచక్రం పెడతారే, మీ మామకి కూడా అట్టా పెట్టు."

ఇంటర్నెట్‌లో పూలచక్రం పీఎన్‌జీ అని వెతికి దించుకున్నాను. మామ తల వెనక పెట్టాను. చక్రం చుట్టూ బూడిదరంగు, తెలుపు గళ్ళు కనపడ్డాయి. గళ్ళంటే ఖాళీ, ఖాళీ అంటే ప్రింటులో రాదు. పాఠం నాకు కంఠతా వచ్చు! ఫ్లెక్సన్న ఇంకు తేవడానికి నెల్లూరు పోయివున్నాడు. నేనే ప్రింటుకి ఇచ్చేశాను. ఎవరో మహానుభావుడు తెర మీద గళ్ళతో సహా ఆ బొమ్మని జేపెగ్ చేసి, పేరు చివర పీఎన్‌జీ అని తగిలించాడనీ, ఆ గళ్ళు నిజంగానే బొమ్మలో ఉన్నాయనీ అప్పటికి నాకు తెలియదు. మిషన్‌లోంచి వచ్చింది వచ్చినట్టు చుట్టుకుని మా తమ్ముడు బండి మీద తీసుకుపోయాడు.

పెళ్ళిరోజు పొద్దున ఇంటి ముందు దాన్ని విప్పి కట్టారు. వీధంతా ఎర్రగా కళకళలాడింది. మామ తల వెనక మాత్రం ఈ భుజం నుంచి ఆ భుజం దాకా నిఖార్సయిన గళ్ళు. "ఓసి నీ చదువు తగలెయ్య! మా అన్న వెనకాల బాత్‌రూం టైల్స్ ఏందే?" అని అమ్మ అరుగు మీద కూలబడింది. "ఏం గాదు, ఒక అరటిచెట్టు అడ్డం కడదాం" అన్నాడు నాన్న. అన్నాక ఏమన్నాడో ఆయనకే గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు. అంతలో మామ కారు వచ్చి ఆగింది.

మామ దిగాడు. ఫ్లెక్సీ ముందుకు పోయి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. సన్నాయి వాళ్ళు కూడా వాయించడం ఆపేశారు. "ఎవరు చేసినారు ఇది?" అన్నాడు. నన్ను ముందుకు తోశారు. "నేనే మామా" అనేసరికి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, గంపలో కూర్చోవాల్సిన అక్క కిటికీలోంచి చూస్తోంది. మామ నా మొహంలోకి చూశాడు. మళ్ళీ ఫ్లెక్సీ వైపు చూశాడు. ఉన్నట్టుండి గట్టిగా నవ్వాడు. "అబ్బబ్బా! మా కొత్త ఇంటి టైల్స్! గృహప్రవేశానికి ఎవరూ రాకపోయినా, నా కోడలు కనుక్కుని మరీ నా వెనకాల పెట్టిందే!" అత్త ఏదో అనబోయింది. మామ ఆమె వైపు ఒక్క చూపు చూశాడు. అత్త పసుపు పళ్ళెం సర్దుకుంది.

ఇంక చూడాలి ఆ పెళ్ళి! మామ అక్కని గంపలో మోస్తూ, "ఏం తిండి పెట్టి పెంచినావే దీన్ని" అని చెల్లెల్ని ఆటపట్టిస్తూ, మండపం చుట్టూ అడక్కపోయినా ఇంకో చుట్టు తిరిగాడు. అమ్మ నవ్వుతూనే ఏడ్చింది. ఆ వారం షాపుకి, పెళ్ళిలో మా ఫ్లెక్సీ చూసిన దొరవారిసత్రం ఆయన ఒకాయన వచ్చి, "ఆ టైల్స్ డిజైనుది మాకూ ఒకటి కావాల" అన్నాడు. ఫ్లెక్సన్న నా వైపు తిరిగాడు. నేను కీబోర్డు తుడవడంలో మునిగిపోయాను.

పెళ్ళి హడావిడి తగ్గాక అందరం కృష్ణపట్నంలో మామ కొత్త ఇల్లు చూడటానికి పోయాం. బయట గోడలకి చిలకపచ్చ రంగు. హాల్లో నున్నటి ఎర్రగచ్చు. వంటింట్లో నీలం. ఇల్లంతా వెతికినా ఒక్క గడి లేదు. మేమంతా గోడలు చూసి ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. నేను మెల్లిగా పెరట్లోకి పోయి, "మామా, టైల్స్..." అన్నాను. "నీ మొహం చూసినా గదే ఆ పొద్దు. ఇంకొక్క మాట అనుంటే బోరుమనేదానివి. పెళ్ళింట ఏడుపెందుకని, కట్టిన ఇంటికి నోటితోనే నాలుగు టైల్స్ వేసినా. పో, పోయి పాయసం తాగు. మీ అమ్మకి చెప్పబాక." అమ్మ అప్పటికే తలుపు దగ్గర నిలబడి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. ఆకు అడ్డమొచ్చిందని అలిగిన మనిషేనా ఈయన అనుకున్నాను. ఆయన మీద నాకున్న ప్రేమ ఆ రోజు రెట్టింపైంది.

ఇప్పుడు నాకే సొంత డిజైన్ షాపు ఉంది. అలాంటి దొంగ పీఎన్‌జీని చూడగానే పట్టేస్తాను, గళ్ళు తీసేయడం క్షణం పని. నిన్న మామ ఫోను చేశాడు. "మనవరాలికి చెవులు కుట్టిస్తుండాం పాపా, ఫ్లెక్సీ నువ్వే చెయ్యాల. నా వెనకాల టైల్స్ మర్చిపోబాక, అవి లేకపోతే ఫంక్షన్‌కే రాను." పొద్దుటి నుంచి అదే పని మీద కూర్చున్నాను. ఈసారి దించుకోవడం లేదు. ఆనాటి కంఠతా పాఠాల పిల్లని తలుచుకుని నాలో నేనే నవ్వుకుంటూ, ఎంత పెద్దవి చేసినా చెదరకుండా, ఒక్కో గడినీ కోరల్‌లో గీతలతో గీస్తున్నాను.