సాంచాల కాడి సైగలు

మా ఇంట్లో గట్టిగా మాట్లాడితే కోపం వచ్చిందని కాదు, అదే మా మామూలు గొంతు. సిరిసిల్లలో మా గల్లీలో ఏ ఇంటికి పోయినా అంతే. ముందు గదిలో మేముంటాం, వెనక రేకుల షెడ్డులో సాంచాలుంటాయి. మరమగ్గాలను మేం సాంచాలంటాం. అవి నడుస్తుంటే పక్కన నిలబడి అరిచినా వినపడదు. అందుకే షెడ్డులో ఎవరూ నోరు వాడరు. చాయ్ వచ్చిందంటే బొటనవేలు పెదవికి ఆనిస్తారు. కాసేపు బయటికి పోయి రావాలంటే పక్కవాళ్ల భుజం తట్టి, తన కన్ను చూపించి, తర్వాత తన సాంచా చూపిస్తారు. "నాది చూస్తుండు, వస్త" అని. పూట మారేటప్పుడు వచ్చిన మనిషి ఉన్న మనిషి భుజం తట్టి, అరచెయ్యి తలుపు వైపు చాపుతాడు. "నువ్వు దిగు, ఇగ నేను చూస్కుంట" అని దానర్థం.

నా బిడ్డ అలాంటి ఇంట్లో పుట్టింది. మెడ ఆలస్యంగా నిలిపింది, నడక ఇంకా ఆలస్యంగా వచ్చింది. కరీంనగర్‌లో పిల్లల డాక్టరమ్మ చూసి, కండరాల్లో పట్టు తక్కువుంది, ఎదుగుదల ఆలస్యమవుతుంది, రోజూ కసరత్తు చేయించాలి అన్నది. సరే, చేయిస్తా అన్నాను. నాకు పని చెబితే భయముండదు. ఊరికే కూర్చోబెట్టి జాలి చూపిస్తేనే ఒళ్లు మండుతుంది. పొద్దున బస్సెక్కి పోయి, కాళ్లు ఎట్లా వంచాలో, నడుము ఎట్లా పట్టాలో నేర్చుకొని సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్లం. నెమ్మదిగానే అయినా నడిచింది.

మాట మాత్రం రాలేదు. "నడక రాలేదా, మాట గూడ గట్లనే వస్తది తియ్యి. ఫికర్ జెయ్యకు" అని మా అత్త ధైర్యం చెప్పేది. పిలిస్తే పలకట్లేదన్న అనుమానం ఎవరికీ రాలేదు. మా ఇంట్లో పిలిస్తే ఎవరు పలికారు గనక! భుజం తట్టాలి, ముఖం ముందు చెయ్యి ఊపాలి. బిడ్డనూ అట్లాగే పిలిచేవాళ్లం. అది టక్కున తిరిగి నవ్వేది. చివరికి చెవుల పరీక్షలో వినికిడి బాగా తక్కువని తేలాక డాక్టరమ్మ, "ఇన్ని రోజులు మీకు తెలవలేదా అమ్మా?" అని అడిగింది.

"మా ఇంట్ల ఎవలకు ఇనస్తది మేడం!" అన్నాను. నా గొంతుకు బయట వరుసలో కూర్చున్నవాళ్లంతా తలుపు వైపు చూశారు.

ఆ రోజు బస్సులో ఏడ్చాను. కాళ్లొక్కటే అనుకుంటే ఇప్పుడు రెండు చెవులూనా అని. ఊరొచ్చేసరికి ఏడుపు అయిపోయింది. ఇంటికి పోయి అన్నం వండాలి కదా.

చెవులకు మిషన్లు పెట్టించాం. మొదటిసారి వాటితో షెడ్డులోకి పోయి, ఆ చప్పుడుకు బిత్తరపోయి, రెండూ పీకి మా ఆయన చేతిలో పెట్టింది. ఆయన బయటికొచ్చి నవ్వుతూ, "నాకు గూడ గిట్ల పీకేసేటియి ఉంటే ఎంత మంచిగుండు" అన్నాడు.

మిషన్లతో నన్ను అవ్వ అని, వాళ్ల నాన్నను బాపు అని పిలవడం, పాలు అనడం నేర్చుకుంది. ఇంకేమీ రాకముందే బడి వయసు వచ్చింది. మా గల్లీ సర్కారు బడిలో హెడ్‌సారు మంచివాడే గానీ, బిడ్డను చూసి జంకాడు.

"ఇంత మంది పిల్లలకు ఒక్క టీచరమ్మ. ఒకటికి పోవాల్నన్నా చెప్పగల్గాలె గదమ్మా?"

"ఏ పిల్లనైనా బడికి వద్దనేటందుకు లేదు సార్, నాకెరుకే."

"వద్దంటలేనమ్మా. ఒక్క పూట కూసోబెట్టి చూద్దం. పిల్ల పరేషానైతె ఇంకో ఏడు ఇంట్లనే ఉండనీ."

ఇంకో ఏడు ఇంట్లో ఉంటే అది ఇంటికే పరిమితమైపోతుందని నా భయం. ఆ వారమంతా చిటికెన వేలు చూపించడం నేర్పాం. నేను చూపించాను, వాళ్ల బాపు చూపించాడు, మా అత్త కూడా చూపించింది. ఇంటిల్లిపాదీ చిటికెన వేళ్లు పట్టుకొని తిరుగుతుంటే అది మమ్మల్ని చూసి పడీ పడీ నవ్వింది. ఒక్కసారీ చూపించలేదు.

ఆ పూట బడి వరండాలో కూర్చున్నాను. చాలాసేపు అంతా బాగానే ఉంది. తర్వాత టీచరమ్మ కంగారుగా బయటికొచ్చింది.

"అమ్మా, మీ పిల్ల చెప్పకుండనే లేచి ఉరికింది!"

ఇద్దరం బడి వెనక్కి పరిగెత్తాం. అది అప్పటికే పాయఖానాలోంచి వచ్చి, నల్లా కింద చేతులు కడుక్కుంటోంది.

"లేచేటప్పుడు ఏం జేసింది టీచరమ్మా?"

"పక్క పిల్లను భుజం మీద కొట్టింది. ఏలు కన్నుకాడ పెట్టుకున్నది, పలక చూపెట్టింది. కొట్లాట అనుకున్న."

నవ్వాగలేదు నాకు. "చెప్పింది టీచరమ్మా! నాది చూస్తుండు, వస్త అన్నది!"

తరగతిలోకి పోయి చూస్తే, ఆ పక్క పిల్ల నా బిడ్డ పలక మీద రెండు చేతులూ పెట్టుకొని కాపలా కాస్తోంది. అదీ సాంచాల ఇంటి పిల్లే. టీచరమ్మ రోజూ కరీంనగర్ నుంచి వచ్చిపోయే మనిషి, ఆమెకేం తెలుసు పాపం. విషయం చెబితే తనూ కన్ను చూపించి, బల్ల చూపించి, "ఇట్లనేనా?" అని అడిగింది. హెడ్‌సారు తల గోక్కుని, "ఇగ రేపటి సంది పంపు మరి" అన్నాడు.

మర్నాడు దింపిన తర్వాత వెళ్లిపోవాలి. కానీ తరగతి గుమ్మంలోనే నిలబడ్డాను. మెడ నిలవని రోజుల నుంచి దాన్ని ఒక్క పూట కూడా ఎవరికీ వదిలింది లేదు. అది నన్ను చూసింది, లేచి తూలుకుంటూ వచ్చింది. ఏం కావాలో అని వంగాను. నా భుజం తట్టి, అరచెయ్యి గేటు వైపు చాపింది.

షెడ్డులో పూట మారేటప్పుడు ఆ మాటకు ఎవరూ ఎదురు చెప్పరు. కొంగు సర్దుకొని బయటికి నడిచాను.