తువ్వాలు కింద నాటకం

మా నాటక పరిషత్తు సావనీరులో పాండురంగారావు గురించి రాయమని కుర్రాళ్లు అడిగారు. నేను చదివింది ముసునూరు బడిలో ఎనిమిదో తరగతి దాకానే. అయితేనేం, ఈ పరిషత్తును పెట్టింది నేను, నేటికీ అధ్యక్షుణ్ణి నేను. మామిడి ప్రదర్శనలో మా బంగినపల్లికి మొదటి బహుమతి తెచ్చిందీ నేనే. కాబట్టి దశరథరామయ్య రాశాడంటే కాదనేవాళ్లుండరు.

పాండురంగారావు మామిడి బేరగాడు. తోటగల రైతుకీ, కాపు కొనే వ్యాపారికీ మధ్య కూర్చుని ధర కుదర్చడం అతని పని. గొంతు పెద్దది. తన తోటలో కూలీలను భోజనానికి పిలిస్తే పక్క తోట కూలీలు కూడా చేతులు కడుక్కునేవారు. బేరం దగ్గర మాత్రం నోరు తెరవడు. మా వైపు పాతకాలపు బేరగాళ్లకు అదొక పద్ధతి. ఒళ్లో తువ్వాలు పరిచి, దాని కింద అవతలివాడి వేళ్లు పట్టుకుని నొక్కుతారు. ఎన్ని వేళ్లు నొక్కితే అంత ధర. అరచెయ్యి మొత్తం బిగించి పట్టుకుంటే బేరం ఖాయం. ఇక వెనక్కి పోవడం లేదు.

నాటకం చూసేటప్పుడు ఆ మౌనం ఏమయ్యేదో! స్టేజీ మీద దొంగ కనపడితే చాలు, "అమ్మాయ్, తలుపు వెనకాల ఉన్నాడు, చూసుకో!" అని అరిచేవాడు. ఒకసారి సగం నాటకంలో ఫోను మోగితే ఎత్తి, "ఇప్పుడు కుదరదు, తండ్రి పోయాడు, అందరూ ఏడుస్తున్నారు" అన్నాడు. అవతలివాడు పూలదండ పట్టుకుని ఇంటికొచ్చాడు.

పోయినేడాది అతని మనవరాలు ప్రవల్లిక మా పోటీల్లో కూతురి వేషం వేసింది. కాలేజీ పిల్ల, మంచి నటి. ఒకచోట తండ్రి ముందు మాట రాక నిలబడాలి. ఆ మౌనమే నాటకానికి ప్రాణం. పిల్ల డైలాగు మర్చిపోయిందనుకున్నాడు మా వాడు. లేచి నిలబడి, "'నేను వెళ్లను నాన్నా' అనమ్మా! అను!" అని అందించాడు. హాలంతా ఘొల్లుమంది. ప్రవల్లికకు రావలసిన బహుమతి పోయింది.

ఈ ఏడాది పోటీలకు ముందే ఆ పిల్ల తేల్చి చెప్పేసింది.

"తాతయ్యా, ఈసారి హాల్లో నీ గొంతు వినపడిందా, ఇక నా నాటకానికి రావద్దు."

"ఈ ఒక్కదానికేగా?"

"ఎప్పటికీ."

పాండురంగారావు నా దగ్గరకొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. "బావా, నోరైతే కుట్టేసుకుంటాను. లోపల పుట్టేదాన్ని ఎక్కడ పెట్టుకోను? పొట్ట పగిలి ఛస్తాను."

"నీ తువ్వాలు ఏమైంది?" అన్నాను. ఆ ఉపాయం నాదేనని ఇక్కడ రాసి పెడుతున్నాను. బొటనవేలు నొక్కితే బాగుందని, చిటికెనవేలు నొక్కితే బాగాలేదని, అరచేతిలో గోకితే ఇప్పుడు ఏడుపు సీనొస్తుందని గుర్తులు పెట్టుకున్నాం.

ఆదివారం మధ్యాహ్నం ఆట. తెర లేచేముందు నేనే మైకు పట్టుకుని చెప్పాను. ఫోన్లు కట్టేయండి, చిప్సు పొట్లాలు చప్పుడు చేయకండి, ఆట మధ్యలో లేచి తిరగకండి, నటులకు మాటలు అందించకండి, నచ్చితే చివర్లో చప్పట్లు కొట్టండి అని. ముఖ్యంగా, ఎంతటివాడైనా నోరు విప్పితే నేనే బయటికి పంపిస్తానన్నాను. చప్పట్లు పడ్డాయి.

దిగొచ్చి పాండురంగారావు ఎడమ పక్కన కూర్చున్నాను. ఇద్దరి ఒళ్లలో తువ్వాలు పరిచాం. నాటకం మొదలైంది. అతను నా వేళ్లు నొక్కుతూనే ఉన్నాడు. విలన్ వేషగాణ్ణి చూసి నా చిటికెనవేలు విరిచినంత పని చేశాడు.

వెనక వరసలో రెడ్డిగూడెం వ్యాపారి ప్రేమ్‌చంద్ ఉన్నాడు. పిందె పడ్డ రోజులవి. నా తోట కాపు ఇంకా అమ్మలేదని ఊరందరికీ తెలుసు. అలాంటప్పుడు నేనూ బేరగాడూ పక్కపక్కన కూర్చుని, తువ్వాలు కింద వేళ్లు కదుపుతుంటే ఏ వ్యాపారి ఊరుకుంటాడు? ఎవరో తన్నుకుపోతున్నారనుకున్నాడు. వంగి వంగి వచ్చి, పాండురంగారావు కుడి పక్క ఖాళీ కుర్చీలో కూర్చుని, తువ్వాలు కిందికి చెయ్యి దూర్చాడు.

పాండురంగారావు అదిరిపడ్డాడు. నోరు తెరవబోయి మూసుకున్నాడు. తల అడ్డంగా ఊపాడు. ధర చాలలేదనుకుని ప్రేమ్‌చంద్ ఇంకో వేలు కలిపాడు. మళ్లీ ఊపాడు. ప్రేమ్‌చంద్ నిట్టూర్చి మరో వేలు కలిపాడు.

సరిగ్గా అప్పుడే స్టేజీ మీద ప్రవల్లిక వచ్చి తండ్రి వేషగాడి ముందు నిలబడింది. మాట లేదు. కదలిక లేదు. కళ్లు మాత్రం నిండుతున్నాయి. హాల్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. పాండురంగారావు పెదవులు వణికాయి. పళ్లు బిగించాడు. రెండు చేతులా దొరికినవి దొరికినట్టు బిగించి పట్టుకున్నాడు. ఎడమచేతిలో నా చెయ్యి నలిగిపోయింది. కుడిచేతిలో ప్రేమ్‌చంద్ చెయ్యి.

ప్రేమ్‌చంద్ ముందుకు వంగి నాకేసి చూసి, సంతోషంగా తల పంకించాడు. నా కాపు అమ్ముడైపోయిందని నాకప్పుడు అర్థమైంది. "ఆగవయ్యా!" అన్న మాట గొంతు దాకా వచ్చింది. మైకులో అంత గట్టిగా చెప్పినవాణ్ణి నేనే కదా. మింగాను. నా జీవితంలో సాధించినవాటిలో దీన్ని కూడా చేర్చుకోవచ్చు.

తెర పడింది. చప్పట్లు ఆగేదాకా ఓపిక పట్టి ప్రేమ్‌చంద్ నమస్కారం పెట్టాడు. "దశరథరామయ్య గారూ, ధర గట్టిగా లాగారండీ. అయినా మీ బంగినపల్లి కదా అని ఒప్పుకున్నానండీ."

ధర అన్యాయమేం కాదు. నేనింకో రెండు వారాలు ఆగేవాణ్ణి, అంతే. చెయ్యి కలిశాక మాట తప్పిన చరిత్ర మా ఇంట్లో లేదు. "మంచిదండీ" అన్నాను.

"నువ్వు నోటితో కాదని చెప్పొచ్చుగా!" అని పాండురంగారావును గుంజాను. అతను కళ్లు తుడుచుకుంటూ నోటి మీద వేలు పెట్టి చూపించాడు.

ప్రవల్లిక రంగుతోనే పరిగెత్తుకొచ్చింది. "తాతయ్యా, ఆ సీనులో నీ వైపే చూశాను. నువ్వు మళ్లీ లేచి అరుస్తావేమోనని చచ్చేంత భయం. అందుకే కన్నీళ్లు నిజంగా వచ్చాయి. వచ్చే నెల గుడివాడలో ఆడుతున్నాం. వస్తావా?"

అతను గట్టిగా తలాడించాడు.

"ఆట అయిపోయింది, ఇక మాట్లాడొచ్చు."

ఆ అనుమతి ఎందుకిచ్చిందో ఏమో! నా స్కూటరు వెనక కూర్చుని ముసునూరు దాకా మొదటి సీను నుంచీ నాటకం మొత్తం చెప్పాడు. "నీ పక్కనే కూర్చుని చూశాను బావా" అంటే వినడే.

గుడివాడకు నన్ను కూడా రమ్మన్నాడు. వెళ్తున్నాను. కాపు అమ్ముడైపోయింది కాబట్టి, పక్కన ఎవరొచ్చి కూర్చున్నా ఇక నాకు భయం లేదు.